స్టెప్పర్ మోటారుకు ఏ డ్రైవర్ చిప్? ముందు రెసిస్టర్ చూడండి

సందేహం: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి పెన్ ప్లాటర్ (పెన్నుతో బొమ్మలు గీసే మెషిన్) చేస్తున్నాం. నీమా 17 సైజు స్టెప్పర్ మోటార్లు (అడుగడుగునా లెక్కగా తిరిగేవి), ఫేజుకి (ఒక్కో కాయిల్‌కి) 1.5 ఆంపియర్లు, 2 ఓములు. 12 వోల్టుల అడాప్టర్‌తో ఎల్298 డ్రైవర్ బోర్డు (మోటారుకు కరెంటు అందించేది) పెడితే నిమిషాల్లో కాలిపోయింది. ఎక్కువ ఆంపియర్ల బోర్డు కొనాలా, సీనియర్లు చెప్పినట్టు సాఫ్ట్‌వేర్‌తో కరెంటు సెట్ చేసే 2209 చిప్ తీసుకోవాలా? హాస్టల్ నుంచి నడపడానికి రూటర్‌లో పోర్టు (బయటి ఇంటర్నెట్ నుంచి మెషిన్‌కి దారి) కూడా తెరిచాం.
- ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, ఇదే ప్రశ్న ఊరు మారి వస్తోంది. ఆంపియర్లు పెంచుకుంటూ పోతే లాభం లేదు. మార్కెట్లో దొరికే ఆ ఎల్298 ఎర్ర బోర్డులో కరెంటును ఆపే ఏర్పాటే లేదు. చిప్ 4 వోల్టులు తానే మింగేసిందనుకున్నా, మిగిలిన 8ని 2 ఓములతో భాగిస్తే 4 ఆంపియర్లు. చిప్ తట్టుకునేది ఒక్కో కాయిల్ వైపు 2 ఆంపియర్లే. ఆ బోర్డును ‘స్టెప్పర్ డ్రైవర్’ అని అమ్మేవాళ్లు ఈ ముక్క ఎందుకు రాయరు?

మీకు కావాల్సింది చాపర్ డ్రైవర్. కాయిల్‌లో కరెంటు లిమిట్ తాకగానే కట్ చేసి, కాస్త తగ్గాక మళ్లీ ఇస్తుంది. సెకనుకు వేల సార్లు ఇదే పని. అందుకే మీ 3 వోల్టుల మోటారుకు 24 ఇచ్చినా కాలదు, పైగా వేగం పెరిగినా బలం అంత త్వరగా తగ్గదు. పెన్ను లాగడానికి 1 ఆంపియర్ బోలెడు. ఏ4988 అనే చాపర్ చిప్ ఉన్న బోర్డు తీసుకోండి.

అసలు చిక్కు ఇక్కడే. ఆ లిమిట్‌ను బోర్డు మీది చిన్న స్క్రూ తిప్పి పెట్టాలి. స్క్రూ తిప్పితే మారేది రిఫరెన్స్ వోల్టేజి. అది 8 × కరెంటు × సెన్స్ రెసిస్టర్ (కరెంటును కొలవడానికి చిప్ వాడే రెసిస్టర్). రెసిస్టర్ 0.1 ఓము అయితే 1 ఆంపియర్‌కు 0.8 వోల్టులు. 0.05 అయితే 0.4 చాలు. అదే రంగు, అదే పేరుతో బోర్డులు వస్తాయి, రెసిస్టర్ మాత్రం వేరు. 0.05 ఓము బోర్డుకు వీడియో చూసి 0.8 పెట్టేస్తే 2 ఆంపియర్లు పారతాయి. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి: చిప్ పక్కన నల్లటి ముక్క మీద ఆర్100 (0.1 ఓము), ఆర్050 (0.05), ఆర్068 (0.068) లాంటిది రాసి ఉంటుంది. మోటారు సప్లై పిన్నుల మధ్య 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తప్పనిసరి. పవర్ ఉండగా మోటారు వైరు పీకారా, చిప్ పోయినట్టే.

ఇక 2209. మంచి చిప్, మోటారు చప్పుడే వినిపించదు. నన్ను భయపెడుతున్నది మీరు తెరిచిన ఆ పోర్టు. ఇలాంటి మెషిన్లకు పంపే ఆదేశాల్లో ‘ఎం906 ఎక్స్800’ అని ఒక్క లైను పంపితే ఎక్స్ మోటారు కరెంటు 800 మిల్లీఆంపియర్లు అయిపోతుంది. ఆ లైను పంపింది ఎవరని మెషిన్ మామూలుగా అడగదు. బ్రౌజర్‌లో మెషిన్‌ను నడిపే కంట్రోల్ పేజీకి లాగిన్ పెట్టకపోతే దారిన పోయే వాడెవడైనా 800ని 2000 చేయగలడు. చిప్ వేడెక్కితే తనను తాను ఆపుకుంటుంది, మోటారు వేడి దానికి తెలియదు. మీ మోటారు బ్రాకెట్ పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసిందైతే 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అదే త్రీడీ ప్రింటర్ అయితే హీటర్ కూడా వాడి చేతిలోకి పోతుంది. 2018లోనే ఇలాంటి ప్రింటర్ కంట్రోల్ పేజీలు వేలల్లో ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నట్టు భద్రతా నిపుణులు బయటపెట్టారు. అయినా ఇప్పటికీ పాస్‌వర్డ్ లేకుండానే మొదలయ్యే వైఫై బోర్డులు అమ్ముతున్నారంటే నాకు ఒళ్లు మండుతుంది. వేడెక్కే, కదిలే వస్తువుకు తాళం లేకుండా అమ్మడం నేరం కింద లెక్క.

స్క్రూతో పెట్టిన లిమిట్‌ను ఇంటర్నెట్ నుంచి ఎవరూ తిప్పలేరు. మీ ప్రాజెక్టుకు ఏ4988 చెప్పడానికి అదీ ఒక కారణం. ఏ చిప్ కొన్నా, ఆ పోర్టు ఈ రాత్రే మూసేయండి. హాస్టల్ నుంచి చూడాల్సిందే అంటే వీపీఎన్ (మీకు మాత్రమే తెరుచుకునే తాళం వేసిన దారి) పెట్టుకోండి, ల్యాబ్‌లో మనిషి లేనప్పుడు మాత్రం మోటార్ల పవర్ ఆపేయండి.