చేప ముక్కు ఊపిరికి కానప్పుడు, నీళ్ళలో వాసన ఎలా తెలుస్తుంది?

మీరు అడిగినవి రెండు. ముక్కు రంధ్రాలకు గొంతుతో సంబంధం లేనప్పుడు చేపకు వాసన ఎలా తెలుస్తుంది? తల కోసి చూస్తే ఏం కనబడాలి? మొదటిదాని జవాబు రెండోదాంట్లోనే ఉంది కాబట్టి కోతతోనే మొదలుపెడతాను.

కార్ప్ జాతి చేప, అరకిలోకు తగ్గనిది, తాజాది తీసుకోండి. మరీ చిన్నదైతే భూతద్దం పెట్టినా పొరలు విడివిడిగా కనబడవు. కంటికీ మూతి కొసకీ మధ్య ఒక్కో పక్క రెండేసి రంధ్రాలు, వాటి నడుమ చిన్న చర్మపు రెప్ప ఉంటాయి. చేప ఈదుతున్నప్పుడు ఆ రెప్ప నీటిని ముందు రంధ్రంలోకి మళ్ళిస్తుంది. లోపల తిరిగిన నీరు వెనక రంధ్రం గుండా బయటికి పోతుంది. అంతే, గొంతులోకి దారి లేదు. తిలాపియా లాంటి చేపలైతే పక్కకు ఒక్క రంధ్రమే, రెండోదాని కోసం వెతకొద్దు.

సన్న కత్తెర మొనను ముందు రంధ్రంలో పెట్టి, రెప్పతో సహా వెనక రంధ్రం దాకా పైపైనే కత్తిరించండి. మొన లోతుకు దిగితే అడుగున ఉన్న నరం తెగిపోతుంది. చర్మం పక్కకు తీస్తే అడుగున కోలగా ఒక పువ్వులాంటిది కనబడుతుంది. మధ్యలో ఈనె, దానికి అటూ ఇటూ పలచని పొరలు నిలువుగా పేర్చినట్టుంటాయి. జిగురు కడగడానికి మంచినీళ్ళు వాడొద్దు. కణాలు నీరు పీల్చి ఉబ్బిపోతాయి, పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. లీటరు నీటికి 7 గ్రాముల ఉప్పు కలిపి, డ్రాపర్‌తో నెమ్మదిగా పోయండి. దాచుకోవాలంటే ఒక వంతు ఫార్మాలిన్‌కు తొమ్మిది వంతుల నీరు.

ఆ మడతలన్నీ ఇంత చిన్న గుంటలో ఎక్కువ ఉపరితలం ఇరికించడానికే. పొరల మీద ముఖ్యంగా మూడు రకాల వాసన కణాలుంటాయి: పొడవాటి సీలియా (వెంట్రుకల్లాంటి పోగులు) ఉన్నవి, పొట్టి మైక్రోవిల్లై (వేళ్ళలాంటి సన్నని మొలకలు) ఉన్నవి, చేపల్లో మాత్రమే కనిపించే క్రిప్ట్ కణాలు. ప్రతిదీ నాడీకణమే. ఒక కొస నీటిలో తడుస్తూ ఉంటే, రెండో కొస నేరుగా మెదడు ముందున్న వాసన బుడిపె దాకా పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద రాగి దగ్గర పనికొస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది మెదడు తెరిచాక. కార్ప్‌లో పుర్రె పైకప్పు కొద్దికొద్దిగా చెక్కి, కొవ్వు తీసేస్తే, ముందు మెదడు నుంచి రెండు తెల్లని దారాలు ముక్కు వైపు సాగుతాయి. వాటిని వాసన నరాలని రాసేస్తారు. కావు, అవి వాసన బుడిపెను ముందు మెదడుతో కలిపే వాసన నాడీమార్గాలు. బుడిపె ఆ పొరల పువ్వుకు ఆనుకునే ఉంటుంది, అసలు నరం ఆ రెంటి మధ్య ఉన్న అతి పొట్టి ముక్క. క్యాట్‌ఫిష్‌లోనూ ఇంతే. సాల్మన్, ఈల్ చేపల్లో దీనికి తలకిందులు: బుడిపె మెదడుకు అంటుకుని ఉంటుంది, నరం పొడుగ్గా ఉంటుంది.

ఇక చేప పట్టేది ఏ వాసన? గాలిలో తేలే ఆవిర్లు కాదు, నీటిలో కరిగినవి. మేతలోంచి వచ్చే అమైనో ఆమ్లాలు, తోటి చేపల పైత్య లవణాలు, జత కోసం వదిలే హార్మోన్లు. క్రూసియన్ కార్ప్‌లో నాడీమార్గం కట్టలుగా విడిపోయి ఉంటుంది: బయటి కట్ట మేతకు, లోపలి కట్టలో ఒక భాగం భయానికి, ఇంకో భాగం జతకట్టడానికి. భయం వాసన సంగతి జీవశాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో మినో చేపల్లో చూపించాడు: ఒకదాని చర్మం గాయపడితే దాంట్లోంచి వచ్చే పదార్థం వాసనకే మిగతా గుంపు బెదిరిపోతుంది.

సొరచేప మైళ్ళ అవతలి రక్తపు చుక్కను పసిగడుతుందన్నది కట్టుకథ. ఆ వాసనను ప్రవాహం మోసుకొచ్చి ముక్కులో పడేయాలి కదా! స్మూత్ డాగ్‌ఫిష్ అనే చిన్న సొర చేసే పని అంతకన్నా వింత. రెండు ముక్కులకూ వాసన 0.1 నుంచి 0.5 సెకన్ల తేడాతో అందితే, ముందుగా అందిన వైపుకే తిరుగుతుంది.

చేపకు వాసన పనిచేస్తోందా అని చూడాలంటే మేత వేసి చూడకండి, అది మీ చేతి కదలికకో మేత పడ్డ చప్పుడుకో వస్తుంది. 5 గ్రాముల మేతను 100 మి.లీ. నీటిలో పది నిమిషాలు నానబెట్టి గుడ్డతో వడకట్టండి, ఆ నీరే ఊట. సన్న గొట్టం ఒకటి తొట్టిలో ముందే అమర్చి పెట్టి, మొదట అదే తొట్టి నీరు 2 మి.లీ. వదలండి. చేప పట్టించుకోకపోతేనే ఆ తర్వాత ఊట 2 మి.లీ. వదలండి. నీరు పూర్తిగా నిలిచిపోతే వాసన పాకదు, కాబట్టి గాలి రాయి (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) సన్నగా ఆడుతూ ఉండాలి. దగ్గరికొచ్చి, మేత నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తే తప్పు ముక్కుది కాదు, రుచిది. వెతికించేది వాసన, మింగించేది రుచి. రెంటికీ నరాలే వేరు.

ఊటకు కదలిక లేకపోతే మొదట రాగిని అనుమానించండి. నాచు మందుల్లో, పరాన్నజీవుల మందుల్లో అది మామూలే. వాసన కణం కొస నీటిలోనే ఉంటుంది కనుక దెబ్బ నేరుగా దానికే తగులుతుంది. కోహో సాల్మన్ పిల్లల్లో లీటరుకు 20 మైక్రోగ్రాముల లోపు రాగికే కొన్ని గంటల్లో వాసన మందగిస్తుంది. చేప చావదు, పైకి జబ్బుగానూ కనిపించదు, అందుకే ఎవరూ కనిపెట్టరు. మందు ఆపి, నీరు మార్చండి. పొర అడుగున ఉన్న మూలకణాలు కొత్త వాసన కణాలను పుట్టిస్తూనే ఉంటాయి, కానీ దానికి రోజుల నుంచి వారాల దాకా పడుతుంది. రెండు మూడు వారాలాగి అదే ఊటతో, అదే కొలతతో మళ్ళీ పరీక్షించండి.