తండ్రి పేరున ఉన్న పాత ఒపెల్ కారును కొడుకు అమ్మితే చెల్లుతుందా?

ప్రశ్న: మాది కావలి. రొయ్యల గుంటలు చూసుకుంటాను. డిక్కీ పెద్దగా ఉండే పొడవాటి కారు కోసం వెతుకుతుంటే చెన్నైలో 2004 మోడల్ ఒపెల్ కోర్సా స్వింగ్ కనిపించింది. 90 వేలు చెబుతున్నారు. ఆర్సీ అమ్మే ఆయన తండ్రి పేరున ఉంది. తండ్రి రెండేళ్ల కిందట పోయారు. 'నాన్న సంతకాలు పెట్టిన ఫారాలు ఉన్నాయి, ఇబ్బంది లేదు' అంటున్నారు. ఆర్సీని 2019లో ఒకసారి రెన్యువల్ చేయించారట. ఇలాంటి కార్లు వాడినవాళ్లలో కొందరు 'రోడ్డు మీద రాయిలా కూర్చుంటుంది, కళ్లు మూసుకుని కొను' అంటే, ఇంకొందరు 'స్పేర్లు దొరక్క షెడ్డులో పడేశాం' అన్నారు. అమ్మే ఆయన మాత్రం '70 వేల కిలోమీటర్లే తిరిగింది, ఇంజిన్ ఎప్పుడూ విప్పలేదు, ఇంకో పదేళ్లు ఢోకా లేదు' అని వాయిస్ మెసేజ్ పెట్టారు. రేపు తేడా వస్తే ఈ మాటలు కోర్టులో నిలుస్తాయా? వేరే రాష్ట్రం బండి కాబట్టి నా పేరుకు మార్చుకోవడానికి ఏడాది టైం ఉంటుందంటున్నారు, నిజమేనా?

జవాబు: మీరు ఇంజిన్ గురించి టెన్షన్ పడుతున్నారు. నాకు మాత్రం ఆ సంతకాల ఫారాలే భయం పుట్టిస్తున్నాయి. ముందు వాటి సంగతి చూద్దాం.

తండ్రిగారు బతికుండగానే, బండి అమ్మినప్పుడు పేరు మార్పు కోసం ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకం పెట్టి ఉండవచ్చు. అయినా ఇప్పుడు వాటిలో మీ పేరు రాసి, ఈ నెల తేదీ వేస్తే, చనిపోయిన మనిషి ఈ నెలలో మీకు కారు అమ్మినట్టు అవుతుంది. అది తప్పుడు పత్రం. సంతకం ఆయనదే అయినంత మాత్రాన పత్రం నిజమైనది కాదు. భారతీయ న్యాయ సంహితలో 336వ సెక్షన్ ఫోర్జరీ గురించి, 340వ సెక్షన్ అలాంటి పత్రాన్ని అసలుదిగా వాడటం గురించి చెబుతాయి. తెలిసి ఆర్టీఓ ఆఫీసులో దాఖలు చేస్తే ఆ రెండో దాని కింద మీరూ ఇరుక్కుంటారు. బ్రోకర్లు 'అందరూ ఇలాగే చేస్తారు సార్' అంటారు. కేసు వచ్చిన రోజున ఆ బ్రోకరు ఫోను ఎత్తడు.

సరైన దారి వేరే ఉంది, కష్టమైనదేమీ కాదు. యజమాని చనిపోతే వారసుడు ఫారం 31తో ఆ కారును ముందు తన పేరుకు మార్పించుకోవాలి. మామూలుగా దీనికి గడువు మూడు నెలలు. వీళ్లు రెండేళ్లు ఊరికే ఉండిపోయారు. ఆ ఆలస్యానికి కట్టాల్సింది ఏమైనా ఉంటే అమ్మే ఆయనే కట్టుకోవాలి, బేరంలో మీ నెత్తిన పడనీయకండి. మరణ ధ్రువీకరణ పత్రంతో పాటు మిగతా వారసుల అంగీకారం కూడా కావాలి. హిందువులైతే 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, చనిపోయిన ఆయన తల్లి ఉంటే ఆమె, అందరూ మొదటి తరగతి వారసులే. అంటే ఈ కారులో అమ్మగారికీ అక్కచెల్లెళ్లకూ వాటా ఉంది. కొడుకు ఒక్కడే అమ్మితే తన వాటాకు మించి మీకు ఇవ్వలేడు. తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి బదలాయించలేరన్నది 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 27వ సెక్షన్. 90 వేల కారు కోసం ఎవరు వస్తారులే అనుకోకండి. ఆస్తి తగాదా మొదలైన ఇంట్లో కారే ముందు గుర్తొస్తుంది, కంటికి కనిపించేది అదే కదా.

ఇక మనుషుల మాటల సంగతి. 'రాయిలా కూర్చుంటుంది' అన్నవాళ్లూ, 'షెడ్డులో పడేశాం' అన్నవాళ్లూ మీ ఒప్పందంలో లేరు. వాళ్ల అనుభవం మీ బుద్ధికి పనికొస్తుంది, కోర్టుకు పనికిరాదు. బుద్ధికి మాత్రం తప్పకుండా వాడుకోండి. ఒపెల్ బ్రాండు 2006లోనే మన దేశం వదిలి వెళ్లింది. దాన్ని ఇక్కడికి తెచ్చిన జనరల్ మోటార్స్ కూడా 2017 చివరికి మన దేశంలో కార్ల అమ్మకం ఆపేసింది. కాబట్టి స్పేర్లు దొరకవన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఇరవై ఏళ్ల కిందటి కారుకు పార్టులు ఇవ్వలేదని ఎవరి మీదైనా కేసు వేద్దామన్నా నిలబడదు. కారు బాగుందన్నవాళ్ల మాటా అబద్ధం కాకపోవచ్చు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, ఎవరి కారు గురించి వాళ్లు.

అమ్మే ఆయన మాటలు వేరు. ఆ వాయిస్ మెసేజ్‌ను మూడు ముక్కలు చేసి చూడండి. 'పదేళ్లు ఢోకా లేదు' అన్నది అభిప్రాయం. అమ్మేవాడు తన సరుకును పొగుడుకున్నాడని కోర్టు తోసేస్తుంది. '70 వేల కిలోమీటర్లే తిరిగింది' అన్నది వాస్తవం గురించి చెప్పిన మాట, నిజమో అబద్ధమో తేలే మాట. 'ఇంజిన్ విప్పలేదు' అన్నదీ అంతే. ఈ రెండూ అబద్ధమని, మీరు వాటిని నమ్మే కొన్నారని రుజువైతే కాంట్రాక్టు చట్టంలో 19వ సెక్షన్ కింద ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు, నష్టపరిహారమూ అడగవచ్చు. మీటరు కావాలనే వెనక్కి తిప్పి అమ్మితే అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందకు వస్తుంది. కాబట్టి ఆ మెసేజ్‌ను చెరపకండి, ఫోను మార్చినా పాతది దాచండి. దాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి, అది అప్పుడు చూసుకోవచ్చు.

కానీ ఇక్కడ రెండు చిక్కులున్నాయి, వీటిని చాలామంది పట్టించుకోరు. 19వ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. మామూలు జాగ్రత్త తీసుకుంటే నిజం తెలిసిపోయే పరిస్థితి ఉండి కూడా మీరు చూసుకోకపోతే, తెలియక చెప్పిన తప్పు మాటను గానీ మోసపూరిత మౌనాన్ని గానీ చూపించి ఒప్పందం రద్దు చేసుకోలేరు. అంటే మెకానిక్‌ను తీసుకెళ్లకుండా కొని, తర్వాత 'నమ్మాను సార్' అంటే కోర్టు పెద్దగా జాలిపడదు. పైగా అమ్మే ఆయన కార్ల వ్యాపారి కాదు. సరుకు నాణ్యంగా ఉంటుందన్న చట్టబద్ధమైన హామీ, ఆ రకం సరుకుతో వ్యాపారం చేసేవాడి దగ్గర కొన్నప్పుడే వస్తుంది. ఇంట్లో కారు అమ్ముకునే మనిషి దగ్గర కొంటే, చూసుకుని కొనాల్సిన బాధ్యత కొనేవాడిదే. వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లలేరు. అదే కారును సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారి దగ్గర కొని ఉంటే, వ్యాపారి చెన్నైలో ఉన్నా మీరు నెల్లూరు జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయగలిగేవారు. 2023 ఏప్రిల్ నుంచి అలాంటి వ్యాపారులు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం కూడా తీసుకోవాలి. ఏ కార్ల షెడ్డుకు వెళ్లినా ముందు అది చూపించమనండి.

రెండో చిక్కు మౌనం. తన కారులోని లోపాన్ని అమ్మేవాడు తనంతట తాను చెప్పకపోతే, మామూలుగా అది మోసం కాదు. మీరు అడిగితే అబద్ధం చెప్పడం మాత్రం మోసమే. అందుకని అడగండి, రాతలో అడగండి. వాట్సాప్ అయినా చాలు. 'ఈ కారుకు ఎప్పుడైనా యాక్సిడెంట్ అయిందా? వరదలో మునిగిందా? ఇంజిన్, గేర్‌బాక్స్ పని చేయించారా? పోలీసు కేసు, చలాన్లు ఉన్నాయా? మీటరు మార్చారా?' అని ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు తెప్పించుకోండి. 2015, 2023 డిసెంబరు వానల్లో చెన్నైలో కార్లు ఏ స్థితిలో తేలాయో మనం టీవీలో చూశాం కాబట్టి మునిగిందా అన్న ప్రశ్నను మర్యాదకు పోయి వదిలేయకండి.

ఏడాది టైం అన్న మాటకు వస్తే, అందులో సగమే నిజం. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఏపీ నంబరు తీసుకోవాలి. అది నంబరు సంగతి. యజమాని పేరు మార్పు 50వ సెక్షన్‌లో ఉంది. రాష్ట్రం బయట అమ్మిన వ్యక్తి 45 రోజుల్లో, కొన్న వ్యక్తి 30 రోజుల్లో తెలియజేయాలి. ఆ 30 రోజులకూ ఈ 12 నెలలకూ ముడిపెట్టి సరిహద్దులోని తడ దాటించుకొచ్చి తిరిగేవాళ్లు మన జిల్లాలో తక్కువేం లేరు. ఎక్కడైనా యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత రికార్డులో ఎవరి పేరుంటే వారిదేనని 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రికార్డులో ఉన్నది చనిపోయిన ఆయన పేరు కాబట్టి ఆ నోటీసులు ఇంటివాళ్లకు వెళతాయి. ఈ సంగతి అమ్మే ఆయనకు చెప్పి చూడండి. ఫారం 31 మీద ఆయనకే తొందర పుడుతుంది.

ఇప్పుడు ఆర్సీ గడువు. కారు ఆర్సీ మొదట 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్. 2004 బండికి 2019లో ఒకసారి చేయిస్తే అది 2024లోనే ముగిసింది. అంటే ప్రస్తుతం ఆ కారు చట్టం దృష్టిలో రోడ్డెక్కకూడదు. ఎక్కితే మోటారు వాహనాల చట్టం 192వ సెక్షన్ కింద మొదటిసారి 5,000 రూపాయల వరకు జరిమానా. అంతకంటే పెద్ద నష్టం ఇన్సూరెన్స్‌లో ఉంది. రిజిస్ట్రేషన్ లేని బండికి జరిగిన డ్యామేజీకి కంపెనీ డబ్బు ఇవ్వనక్కర్లేదని 2014లో నరీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెన్యువల్ రుసుము 2025 ఆగస్టులో మారింది. 20 ఏళ్లు దాటిన కారుకు 10,000 రూపాయలు, దిగుమతి చేసుకున్న కారుకైతే 80,000. జర్మన్ కారంటే దిగుమతి కింద వేస్తారేమో అన్న భయం అక్కర్లేదు. ఒపెల్ జర్మనీ కంపెనీ అయినా మన దగ్గర అమ్మిన కోర్సా గుజరాత్‌లోని హలోల్‌లో తయారైంది. రుసుము కట్టినంత మాత్రాన సరిపోదు, బండిని అధికారి పరీక్షించి పాస్ చేయాలి. మీకు ఆ కారు ఎంత నచ్చినా, ఈ పరీక్ష పాసయ్యాక మాత్రమే అది కారు. అప్పటిదాకా అది ఇనుమే.

రెన్యువల్ తర్వాత ఫారం 28తో అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి. పాత బ్యాంకు లోను ఎంట్రీ ఆర్సీలో మిగిలి ఉంటే దాన్ని తీయించే ఫారం 35 కావాలి. 2004లో లోను ఇచ్చిన ఫైనాన్స్ సంస్థ ఇప్పుడు ఉందో లేదో వెతికే పని మీరు పెట్టుకోకండి, అమ్మేవాళ్లకే వదిలేయండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో సరిపోయాయో మీ కళ్లతో చూడండి. ఇక్కడికి వచ్చాక లైఫ్ ట్యాక్స్, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 1,500 సీసీ దాటిన కారుకు 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు 7,897 రూపాయలు, పైన జీఎస్టీ. ఇవన్నీ కలిపాక 90 వేలు 90 వేలుగా ఉండదు. బేరం ఆడేటప్పుడు ఈ లెక్క జేబులో పెట్టుకోండి.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. పెద్ద డిక్కీ మీకు ఎందుకో ఊహించగలను. మేత బస్తాలు, ఏరియేటర్ మోటార్లు. ప్రైవేటు కారు పాలసీలో శాంపిళ్లు, సొంత లగేజీ తప్ప సరుకు రవాణా చేయకూడదని షరతు ఉంటుంది. వెనక సీటు తీసేసి రోజూ బస్తాలు మోస్తే, ప్రమాదం జరిగిన రోజున కంపెనీ ఆ షరతునే చూపిస్తుంది. శాశ్వతంగా సీట్లు పీకేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పే వాహన మార్పు కిందకు కూడా వస్తుంది. గుంటల దగ్గరికి మీరు వెళ్లి రావడానికి, ఇంటిల్లిపాది ప్రయాణానికి కారు. రోజువారీ మేతకు మాత్రం గూడ్స్ ఆటోనే మాట్లాడుకోండి.

ఒప్పందం రాసుకోదలిస్తే 100 రూపాయల స్టాంపు పేపరు మీద కావలిలోనే రాయించి, అడ్వాన్సు కూడా ఇక్కడి నుంచే బ్యాంకు ద్వారా పంపండి. దావా కారణంలో కొంత భాగం ఇక్కడే పుట్టినట్టవుతుంది, తేడా వస్తే చెన్నై తిరగకుండా మన కోర్టులోనే దావా వేయవచ్చు. అడ్వాన్సు 5,000 మించనీయకండి. కిలోమీటర్లు, ఇంజిన్, యాక్సిడెంట్ గురించి ఆయన చెప్పిన మాటలన్నీ అందులోకి ఎక్కించండి. ఫారం 31 మార్పు, వారసుల అంగీకారం, రెన్యువల్, ఎన్ఓసీ, ఈ నాలుగూ అమ్మే ఆయన ఖర్చుతో 60 రోజుల్లో పూర్తి కావాలని, కాకపోతే అడ్వాన్సు వాపసు ఇవ్వాలని రాయండి. మిగతా డబ్బు ఎన్ఓసీ చేతికి వచ్చిన రోజునే ఇవ్వండి. కారు తీసుకునేటప్పుడు డెలివరీ రసీదులో తేదీతో పాటు గంట కూడా వేయించండి. అంతకు ముందు ఆ కారు మీద పడిన చలాన్లు ఎవరివన్నది ఆ గంటను బట్టే తేలుతుంది.