స్తంభం ఎవరిదైతేనేం, ఫుటేజీకి మిగిలింది 11 రోజులు

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. 19 రోజుల క్రితం రాత్రి తొమ్మిదిన్నరకు ఏలూరు రోడ్డులో మా అబ్బాయి స్కూటీని ఒక కారు గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. కాలు రెండు చోట్ల విరిగింది, రాడ్ వేశారు. కారు నంబరు ఎవరూ చూడలేదు. ఆసుపత్రికి కానిస్టేబుల్ వచ్చి రాసుకెళ్లారు. ఎదురుగా స్తంభానికి సీసీ కెమెరా ఉంది. కార్పొరేషన్‌లో అడిగితే స్తంభం మాదే కానీ ఫుటేజీ పోలీసుల దగ్గర ఉంటుందన్నారు. ఈ డేటా నగరానికే దక్కాలని కౌన్సిల్‌లో తీర్మానం పెట్టిస్తానని మా డివిజన్ కార్పొరేటర్ గారు మాటిచ్చారు. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టాను. కార్పొరేషన్ మీద కేసు వేయవచ్చా? కంట్రోల్ రూంలో పనిచేసే కుర్రాడొకడు కొంత డబ్బిస్తే వీడియో ఫోన్‌లో తీసి ఇస్తాడట. తీసుకోమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో ఎఫ్‌ఐఆర్ నంబరు కోసం రెండుసార్లు వెతికాను. లేదు. కానిస్టేబుల్ రాసుకెళ్లడం వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అంటే నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద ఆ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. 19 రోజులుగా దాన్ని అడగకుండా కార్పొరేటర్ ఇంటి చుట్టూ తిరిగారు.

కార్పొరేషన్ వాళ్లు మీకు చెప్పింది నిజమైతే, తమ దగ్గర లేని ఫుటేజీ ఇవ్వలేదని వాళ్ల మీద వేసే కేసు నిలబడదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పోలీసు శాఖ రాష్ట్ర జాబితాలో ఉంది. 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణాలకు 18 పనులు రాశారు. వీధి దీపాలు, బస్టాపులు, పార్కింగ్ ఉన్నాయి గానీ పోలీసు పని లేదు. కౌన్సిల్ తీర్మానం చేసి పంపినా అది రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పుకునే అభిప్రాయమే, చట్టాన్ని మార్చదు. నగరంలో పోగయ్యే డేటాలో నగరానికీ మాట ఉండాలనే నేనూ అంటాను. కానీ ఆ వాదన తేలేసరికి మీ అబ్బాయి కర్ర లేకుండా నడుస్తుంటాడు.

మీ కేసును తేల్చేది స్తంభం కాదు, తేదీ. ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం, 2013 ప్రకారం ఒకేసారి 100 మంది గానీ రోజుకు 500 మంది గానీ వచ్చే వ్యాపార సంస్థలు, ఆసుపత్రుల వంటివి సీసీ కెమెరాలు పెట్టి, ఫుటేజీని 30 రోజులు ఉంచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. మీకు ఇంకా 11 రోజులున్నాయి. ఆర్టీఐ జవాబుకు గడువు కూడా 30 రోజులే, అదీ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి. జవాబు వచ్చేసరికి ఫుటేజీ చెరిగిపోయి ఉంటుంది. పైగా దర్యాప్తుకు అడ్డమని సమాచార హక్కు చట్టం 8(1)(హెచ్) సెక్షన్ చూపించి తిరస్కరించవచ్చు.

అందుకని ఈ రోజే ఆ రోడ్డుకు రెండువైపులా నడవండి. కారు గుణదల వైపు వెళ్లిందో ఇటు వచ్చిందో అడిగి, ఆ దారిలో రోడ్డుకు ఎదురుగా కెమెరా ఉన్న ప్రతి షోరూము, ఆసుపత్రి, ఫంక్షన్ హాలు పేరు రాసుకోండి. చిన్న షాపుల డీవీఆర్‌లో, అంటే కెమెరా రికార్డింగు పెట్టెలో, హార్డ్ డిస్కు నిండగానే పాతది చెరిగిపోతుంది, వాటిని ముందు చూడండి. స్క్రీన్ మీద టైమెంత ఉందో, అదే క్షణంలో మీ ఫోన్‌లో ఎంత ఉందో రెండూ రాసుకోండి. డీవీఆర్ గడియారం పన్నెండు నిమిషాలు వెనకుంటే అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట పట్టుకునేది అదే.

ఆ జాబితాతో స్టేషన్‌కు లిఖితపూర్వక అర్జీ ఇవ్వండి. స్తంభం కెమెరాతో సహా అన్నిటి ఫుటేజీ భద్రపరచమని, నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద తెప్పించుకోమని అడగండి. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఒక కాపీ పోలీస్ కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రెండు రోజుల్లో కదలిక లేకపోతే అదే ముద్ర కాపీతో మెజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లాలి.

ఇక ఆ కుర్రాడి సంగతి. వద్దు. వాడు ఇచ్చేది స్క్రీన్‌కు ఫోన్ పెట్టి తీసిన వీడియో. కొత్త సాక్ష్య చట్టం, అంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద డిజిటల్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఆ ఫైలు నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య రాయాలి. ఫైలులో చిన్న మార్పు జరిగినా ఆ విలువ మారిపోతుంది. సర్టిఫికెట్ లేకుండా కుదరదని పాత సాక్ష్య చట్టం ఉన్నప్పుడే సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో ఖరారు చేసింది. దొంగచాటుగా ఇచ్చినవాడు సర్టిఫికెట్ మీద సంతకం పెడతాడా? అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడూ ముద్దాయే. బాధితుడి తండ్రిగా కోర్టు మెట్లెక్కాల్సిన మీరు బెయిలు కోసం ఎక్కాల్సి వస్తుంది. దాన్ని వాట్సాప్‌లో పెడితే కారు యజమాని మీకన్నా ముందు చూసి బంపరు మార్పించుకుంటాడు.

కారు దొరికితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం దావా వేయాలి. మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వేయాలి. ఈ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లున్నారు గానీ, ఆ భరోసాతో ఆగొద్దు. కారు దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000 రూపాయలు వస్తాయి. దానికి ఆర్డీవో ఆఫీసులో అడగండి, ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు తీసుకెళ్లండి.

స్కూటీ మెకానిక్ దగ్గరుంటే పని ఆపమనండి. గుద్దినచోట అవతలి కారు పెయింటు అంటుకుని ఉండవచ్చు. పోలీసులు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ చూసేదాకా దాన్ని కడగనివ్వకండి.