చిన్న పిల్లలకు చదవడం నేర్పే టీచర్ కావాలంటే డీఎడ్ చేయాలా, బీఎడ్ చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ 72 శాతం మార్కులతో పాసైంది. రెండేళ్లుగా సాయంత్రం పూట మా వాడ పిల్లల్ని కూర్చోబెట్టుకుని తెలుగు చదవడం నేర్పుతోంది. డీఎడ్ చేసి చిన్న పిల్లలకే టీచర్‌ని అవుతానంటోంది. బంధువులేమో ‘డిగ్రీ, బీఎడ్ చేయించండి, ఏ క్లాసుకైనా చెప్పుకోవచ్చు, అ ఆలు నేర్పడానికి వేరే చదువెందుకు’ అంటున్నారు. మాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కరీంనగర్ జిల్లా

జవాబు: అమ్మా, బీఎడ్ ఉంటే ఏ క్లాసుకైనా చెప్పొచ్చన్న మాట ఇప్పుడు చెల్లదు. 2018లో టీచర్ల అర్హతలు నిర్ణయించే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ బీఎడ్ చేసినవాళ్లకు కూడా ఒకటి నుంచి ఐదు తరగతులు బోధించే అవకాశం ఇచ్చింది. అది చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి మీ అమ్మాయి ఎస్జీటీ, అంటే ఆ చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ కావాలనుకుంటే ఈ రెండింట్లో డీఎడ్ చేయాల్సిందే. దాన్నే ఇప్పుడు డీఈఎల్‌ఈడీ అంటున్నారు.

ఇక అ ఆలు నేర్పడానికి వేరే చదువెందుకు అన్నారే, ఆ మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. ఆ మధ్య ఒక బడికి వెళ్తే రెండో తరగతి పిల్లవాడు తెలుగు పాఠం గడగడా చదివేశాడు. మూడో లైనులో ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇదేంటి నాన్నా?’ అని అడిగాను. వాడు కాసేపు దాన్నే చూసి, మళ్లీ పాఠం మొదటి నుంచి అందుకున్నాడు. చదువుకుంటూ చదువుకుంటూ ఆ మాట దగ్గరికి వచ్చాక ‘పలక’ అన్నాడు. పాఠమంతా నోటికి వచ్చు, చదవడం మాత్రం రాదు. అదే తరగతిలో గుణింతాలు పాటలా అప్పజెప్పిన పాప, ‘కీ’ ఒక్కటే రాసి చూపిస్తే వేళ్లు మడుస్తూ ‘క, కా, కి...’ అని లెక్కపెట్టుకుంది. వాళ్లను సోమరులనో మొద్దులనో అంటే నాకు చాలా బాధేస్తుంది. నేర్పిన తీరే అలా ఉంది.

వర్ణమాల మొత్తం ఒక్కసారే అప్పగించకుండా ప, ల, క, త, వ లాంటి ఐదారు అక్షరాలు నేర్పి, వెంటనే పలక, తల, వల, కల చదివిస్తే పిల్లలకు అక్షరం ఎందుకో తెలుస్తుంది. పలక పక్కన పిలక, వడ పక్కన వాడ రాసి చదివిస్తే గుడి, దీర్ఘం మాటను ఎలా మార్చేస్తాయో చూసి నవ్వుకుంటారు, గుర్తుపెట్టుకుంటారు. ఇంకో సంగతి. అమ్మ, నాన్న, అక్క, అన్న, అవ్వ, బువ్వ... పిల్లలు ఇంట్లో మొదట పలికే మాటల్లో ఎన్ని ఒత్తులున్నాయో చూడండి. బడిలో ఒత్తులు నేర్పేది మాత్రం ఆఖర్న. అందుకే ఇలాంటి మాటల్ని మొదట బొమ్మలా మొత్తంగా గుర్తుపట్టేలా చేసి, ఒత్తు సంగతి తర్వాత విడదీసి చెప్పడం మంచిది.

పదాలు నేర్పడమూ అంతే. ఇంట్లో ‘నల్లా’ అనే పిల్లవాడికి పుస్తకంలో ‘కుళాయి’ కనిపిస్తుంది. రెండూ బోర్డు మీద పక్కపక్కనే రాసే టీచర్ వాడికి రెండు మాటలు ఇచ్చినట్టు. ‘నల్లా తప్పు’ అంటే వాడు మళ్లీ నోరు విప్పడు. తండా నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో నీళ్లంటే ‘పాణి’. ఆ పిల్లలకు మన తెలుగు వాచకమే కొత్త భాష.

2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి చివరికి పిల్లలు తెలియని పాఠాన్ని నిమిషానికి కనీసం 60 పదాల చొప్పున అర్థం చేసుకుంటూ చదవాలంటోంది. తెలుగులో ‘వెళ్లిపోతున్నారని’ అన్నదంతా ఒక్క పదమే కాబట్టి, నా మట్టుకు గడియారం చూసి తొందరపెట్టడం కన్నా అర్థమైందో లేదో అడగడమే ముఖ్యం. మన తెలంగాణలో 2022 నుంచి బడుల్లో నడిచిన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశమూ ఇదే, చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు గట్టిపరచడం. ఈ పని బాగా తెలిసిన టీచర్ల అవసరం చాలా ఉంది.

దారి ఇదీ. డీఎడ్‌లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష డీఈఈసెట్‌కు ఇంటర్‌లో 50 శాతం మార్కులు చాలు, మీ అమ్మాయికి ఇబ్బంది లేదు. ప్రభుత్వ డైట్‌లో (జిల్లా టీచర్ శిక్షణ కాలేజీలో) సీటు కోసం గట్టిగా ప్రయత్నించమనండి. రెండేళ్ల కోర్సు. ప్రైవేటు కాలేజీలో చేరాల్సి వస్తే, నిజంగా బడులకు పంపి పాఠాలు చెప్పిస్తారో లేదో అక్కడి పాత విద్యార్థుల్ని అడిగాకే ఫీజు కట్టండి. తర్వాత టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో చిన్న తరగతులకు సంబంధించిన పేపర్-1, 150 మార్కులకు. జనరల్‌కు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60 రావాలి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, కానీ ప్రభుత్వ టీచర్ పోస్టులు నింపే డీఎస్సీ పరీక్షలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి బొటాబొటి మార్కులతో సరిపెట్టుకోవద్దు.

కష్టమూ చెప్పాలి. తెలంగాణలో 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు పడితే అందులో 6,508 ఎస్జీటీవే. కానీ అంతకుముందు నోటిఫికేషన్ ఇచ్చి పోస్టులు నింపింది 2017 నాటి టీఆర్టీతోనే (అప్పట్లో టీచర్ల నియామక పరీక్ష పేరు అది). అంత కాలం ఎదురుచూడాల్సి రావచ్చు, ఆలోగా ప్రైవేటు బడుల్లో జీతం తక్కువే. అందుకే డీఎడ్ అయ్యాక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనైనా డిగ్రీ పూర్తి చేయించండి. అప్పుడు కావాలంటే బీఎడ్ కూడా చేయొచ్చు, పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ దారీ మూసుకుపోదు.

అప్లికేషన్ పెట్టే ముందు మీ అమ్మాయితో ఒక పని చేయించండి. తన దగ్గరికి వచ్చే పిల్లల్లో బొత్తిగా చదవలేని ఒక్కరిని తీసుకుని, నెల రోజులు రోజూ అరగంట ఆ పిల్లకే కేటాయించమనండి. ఏ రోజు ఏ మాట చదివింది, ఎక్కడ తడబడింది నోటు పుస్తకంలో రాసుకోవాలి. నెలాఖరున ఆ పాప ఎప్పుడూ చూడని నాలుగు లైన్లు మీ అమ్మాయి తన చేత్తో రాసి పాప ముందు పెట్టాలి. ఆ రోజు మీరూ పక్కన కూర్చోండి. పాప చదువుతున్నప్పుడు మీ అమ్మాయి ముఖం చూడండి, తర్వాత ఆ నోటు పుస్తకం తిరగేయండి. అవి చూశాక ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయం తీసుకోండి.