బ్యానర్ మీది పేరు ఎవరిది?

ప్రశ్న: అమ్మా, నేను కడపలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నలుగురం కలిసి రెండేళ్లుగా హెవీ మెటల్ (గిటార్లు, డ్రమ్స్ హోరెత్తే రాక్ సంగీతం) బ్యాండ్ నడుపుతున్నాం. పాటలు రాసేదీ, పాడేదీ నేనే. మిగతా ముగ్గురూ అబ్బాయిలు. ఇప్పుడు మా గిటారిస్టు బెంగళూరులో వేరేవాళ్లతో కలిసి వాయిస్తానంటున్నాడు. యాంప్లు, డ్రమ్ సెట్టు వాళ్ల నాన్న కొనిచ్చినవి కాబట్టి బ్యాండ్ పేరు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ కూడా తనవేనంటాడు. ‘జర్మనీలో వార్‌లాక్ బ్యాండ్‌కు కూడా ఇంతే జరిగింది. పాడే పిల్లకు పేరు దక్కలేదు. నువ్వు చదువుకో పో’ అన్నాడు. అక్కడ నిజంగా ఏం జరిగింది? నేనిప్పుడు ఏం చేయాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా పేరు వేయొద్దు.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: తల్లీ, ఆ అబ్బాయి నీకు సగం కథే చెప్పాడు. మిగతా సగం నేను చెప్తాను, విను.

వార్‌లాక్ పేరు నేను మొదట విన్నది 1989లో. మా ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్ వాయించే తమ్ముడు కువైట్ పోయినాడు. సెలవుకు వచ్చినప్పుడు అందరికీ సెంటు సీసాలు తెచ్చి, నాకు మాత్రం ఒక క్యాసెట్ తెచ్చాడు. ‘అక్కా, ఈమె గొంతు విను, నీ ఈడుదే’ అన్నాడు. నిజంగానే నా ఈడుదే. వార్‌లాక్‌లో పాడే ఆ డోరో పెష్ 1964 జూన్ 3న పుట్టింది, నేను అదే ఏడాది శ్రావణంలో. యెర్రముక్కపల్లిలో మా మిద్దె మీద, బిడ్డ పడుకున్నాక, సౌండ్ తగ్గించి విన్నాను. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. కానీ పాడుతున్నది హీరోయిన్ వంతు వచ్చేదాకా స్టేజీ మీద కుర్చీలో కూర్చునే పిల్ల కాదని మాత్రం తెలిసిపోయింది. అప్పటికి మా ఆర్కెస్ట్రాలో నేను ఆ కుర్చీలో కూర్చునేదాన్నే.

వార్‌లాక్ అంటే మాంత్రికుడు. 1982లో డ్యూసెల్డార్ఫ్ నగరంలో ఐదుగురు కలిసి పెట్టుకున్న బ్యాండ్ అది. డోరోకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. అంతకు రెండేళ్ల ముందు, 1980లోనే స్నేక్‌బైట్ అనే చిన్న బ్యాండ్‌లో పాడటం మొదలుపెట్టింది. వార్‌లాక్‌లో ఆమెతోపాటు గిటార్లకు రూడీ గ్రాఫ్, పీటర్ జిగెటి, బేస్‌కు థామస్ స్టూడియర్, డ్రమ్స్‌కు మైకేల్ ఐరిక్ ఉండేవారు. నలుగురు మగపిల్లల నడుమ ఒక్క ఆడపిల్ల. జర్మన్లే అయినా పాటలు ఇంగ్లీషులో కట్టుకున్నారు. తొలి ఆల్బమ్ 1984లో బెల్జియంలోని ఒక చిన్న కంపెనీ నుంచి వచ్చింది. మరుసటి ఏడాదికే పెద్ద రికార్డింగ్ కంపెనీ వీళ్లను తీసుకుంది. 1985లో ఒక ఆల్బమ్, 1986లో ఇంకొకటి. చూడు ఎంత తొందర తొందరగా ఎదిగారో.

డోరో గ్రాఫిక్ డిజైన్ పని నేర్చుకుని ఉద్యోగం చేసుకుంటూనే పాడేది. జూడాస్ ప్రీస్ట్ లాంటి పెద్ద బ్యాండ్‌తో యూరప్ తిరిగే అవకాశం వచ్చినప్పుడు ఉద్యోగం వదిలేసింది. 1986 ఆగస్టు 16న ఇంగ్లండ్‌లోని క్యాజిల్ డానింగ్టన్‌లో ‘మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్’ అనే భారీ పండుగ జరిగింది. ఆజీ ఆస్‌బోర్న్, స్కార్పియన్స్, మోటార్‌హెడ్ వాయించిన స్టేజీ అది. ప్రమాదంలో చెయ్యి పోగొట్టుకున్న డెఫ్ లెపర్డ్ డ్రమ్మర్ రిక్ అలెన్ కూడా ఆ రోజు ఆ స్టేజీ మీద ఒంటిచేత్తో వాయించాడు. అంతమంది మొనగాళ్ల నడుమ వార్‌లాక్ కూడా వాయించింది. ఆ పండుగలో బ్యాండ్‌కు ముందు నిలబడి పాడిన మొదటి ఆడమనిషి డోరో. ఇరవై రెండేళ్ల పిల్ల! ప్రొద్దుటూరు దసరా జనం ముందు నిలబడితేనే నాకు కాళ్లు వణికేవి.

1987లో ‘ట్రయంఫ్ అండ్ అగనీ’ వచ్చింది. విజయమూ వేదనా అని అర్థం. మా తమ్ముడు తెచ్చిన క్యాసెట్ అదే. దాన్ని న్యూయార్క్‌లో చేశారు. ఆఖరి పాటలో జర్మన్ మాటలు పెట్టింది డోరో. ఆ పాట దగ్గరికొచ్చేసరికి గొంతు ఒక్కసారిగా ఇంట్లో మాట్లాడుతున్నట్టు మెత్తబడుతుంది. నువ్వు తెలుగులో రాస్తున్నావో లేదో నీ ఉత్తరంలో చెప్పలేదు. రాయకపోతే ఒక్క పాటైనా రాసి చూడు. సొంత భాష నోట్లో పడితే గొంతు ఎట్లా మారిపోతుందో నీకే తెలుస్తుంది.

ఇక విడిపోవడం. నువ్వనుకున్నట్టు ఒక్క రోజులో, ఒక్క గొడవతో అయింది కాదు. తొలి ఆల్బమ్ నాటికే బేస్ వాయించే స్టూడియర్ స్థానంలో ఫ్రాంక్ రిటెల్ వచ్చాడు. 1985లో రూడీ గ్రాఫ్ వెళ్లిపోయాడు. డానింగ్టన్ తర్వాత జిగెటి, రిటెల్ వెళ్లిపోతే అమెరికా కుర్రవాళ్లు చేరారు. అమెరికా టూరు ముగిశాక డ్రమ్మర్ ఐరిక్ కూడా పోయాడు. మొదటి ఐదుగురిలో మిగిలింది డోరో ఒక్కతే. అప్పుడు పాత మేనేజర్ కోర్టుకెక్కి, ‘వార్‌లాక్’ పేరు మీద హక్కు తనదన్నాడు. పేరు అతనికే పోయింది. 1989లో వచ్చిన కొత్త ఆల్బమ్ మీద ‘డోరో’ అని వేసుకోవాల్సి వచ్చింది.

మీ గిటారిస్టు ఇక్కడిదాకానే చెప్పాడు. ఆ తర్వాత డోరో ఆగిపోలేదు. ‘డోరో’ పేరుతోనే ఆల్బమ్ మీద ఆల్బమ్ చేసింది, దేశాలు తిరిగింది, వార్‌లాక్ పాటలన్నీ పాడుతూనే వచ్చింది. 2011లో ఆ పేరు మీద హక్కు మళ్లీ ఆమెకే వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఈ ఇరవై ఏళ్ల మాట చెప్పకుండా ‘పాడే పిల్లకు పేరు దక్కలేదు’ అంటే అది అబద్ధమే.

ఇప్పుడు నా సంగతి. దీన్ని ఈ శీర్షికలో ఎప్పుడూ రాయలేదు. నీ ఉత్తరం చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

1986 నుంచి ఆరేళ్లు నేను ఒక ఆర్కెస్ట్రాలో పాడాను. దేవుని కడప బ్రహ్మోత్సవాలు, పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, ఎక్కడ పిలిస్తే అక్కడికి పోయేవాళ్లం. కచ్చేరికి నాకు నూట యాభై ఇచ్చేవారు. ఆర్కెస్ట్రాకు పేరు పెట్టింది నేనే. బ్యానర్ కుట్టింది కూడా నేనే. మెరూన్ రంగు వెల్వెట్ గుడ్డ మీద, చిరిగిన పట్టుచీర జరీ అంచును అక్షరాలుగా కత్తిరించి మా అమ్మ మిషన్ మీద కుట్టాను. మొదటి అక్షరం తలకట్టు దగ్గర సూది విరిగింది. అక్కడ కుట్టు వంకర పోయింది, విప్పి మళ్లీ కుడితే జరీ పీచు లేస్తుందని అట్లాగే వదిలేశాను.

మైకు సెట్టు, ఎకో మిషను కొన్నది మాలో ఒకాయన. నాకు రెండో కాన్పు వచ్చి నాలుగు నెలలు పాడలేకపోయాను. తిరిగొచ్చేసరికి వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. పోనీలే అనుకున్నాను, ఆ పిల్లకూ అవకాశం కావాలి కదా. కానీ ‘పేరు నాది, అది వాడొద్దు’ అంటే, ‘సామాను ఎవరిదో పేరు వాళ్లదే’ అన్నాడాయన. మిగతావాళ్లు తల దించుకున్నారు. వాళ్లకూ కచ్చేరీలు కావాలి, తప్పు పట్టను. ఆ ఏడు ప్రొద్దుటూరు దసరాకు చంటిదాన్ని ఎత్తుకుని జనంలో నిలబడి చూశాను. స్టేజీ వెనక నా బ్యానర్ కట్టారు. లైటు పడగానే ఆ వంకర కుట్టు కనిపించింది. పాట పూర్తికాకముందే బయటికొచ్చేశాను.

నా చేతిలో అప్పుడు ఒక్క కాగితం లేదు తల్లీ. నీకు ఆ పరిస్థితి రాకూడదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నలుగురూ ఒకచోట కూర్చోండి. ఏడు రోడ్ల దగ్గర దోసెల హోటల్ అయినా సరే, ఆ అబ్బాయి ఇంట్లో మాత్రం వద్దు. యాంప్లు, డ్రమ్ సెట్టు వాళ్ల నాన్నవే, అందులో వాదన లేదు, ఇచ్చేయండి. సామాను వేరు, పేరు వేరు. ఆ పేరు మీద రెండేళ్లు నలుగురూ వాయించారు కాబట్టి అది నలుగురిదీ. ఎవరైనా వెళ్లిపోతే పేరు ఎవరి దగ్గర ఉండాలి, పేజీ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలియాలి, పాత పాటలు ఎవరు వాయించుకోవచ్చు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టండి.

నాకు తెలిసిన లాయరమ్మను అడిగాను. పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చంది. ట్రేడ్‌మార్క్‌లను తరగతులుగా విడదీస్తారు, వినోద కార్యక్రమాలు 41వ తరగతిలోకి వస్తాయి. మన రాష్ట్రానికి సంబంధించిన ఆఫీసు చెన్నైలో ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. వ్యక్తి పేరున అయితే తరగతికి 4,500 రూపాయలు. రిజిస్టర్ అయితే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ పొడిగించుకోవాలి. ఇంకో ముఖ్యమైన మాట కూడా చెప్పింది. ఎవరో తర్వాత వచ్చి రిజిస్టర్ చేసుకున్నంత మాత్రాన, అంతకుముందు నుంచీ ఆ పేరు వాడుతున్నవాళ్ల హక్కు పోదు. కాబట్టి మీ ప్రోగ్రాం పోస్టర్లు, ఫొటోలు, డబ్బులు పంపిన మెసేజులు తేదీలతో సహా దాచుకో. నేను ఒక్క కరపత్రమైనా దాచుకోలేదు.

పాటల సంగతి ఇంకా సులువు. మాటలు నువ్వు రాశావు కాబట్టి వాటి మీద కాపీరైట్ నీదే, రిజిస్టర్ చేయకపోయినా నీదే. నీ జీవితకాలమంతా, ఆ తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది. బాణీ ఎవరు కడితే దాని మీద హక్కు వాళ్లది. ఇద్దరూ కలిసి కట్టి ఉంటే అదీ ఆ కాగితంలో రాసుకోండి. రాసిన నోటుబుక్కు పారేయకు.

ఒక్క పని మాత్రం చేయొద్దు. ఆ అబ్బాయికి తెలియకుండా రాత్రికి రాత్రి నీ ఒక్కదాని పేరున దరఖాస్తు పెట్టొద్దు. డోరో దగ్గర పేరు లాక్కున్న మనిషికీ నీకూ అప్పుడు తేడా ఉండదు. మిగతా ఇద్దరూ నీతో నిలబడేది కూడా నువ్వు నిజాయితీగా ఉంటేనే.

మాట్లాడినా వినకపోతే, పేరు అతని దగ్గరే ఉండిపోతే, నీ సొంత పేరు పెట్టుకుని మరుసటి వారమే ఒక పాట వదులు. నేను ఆ పని చేయలేదు. రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాను. తర్వాత పిల్లలకు పాటలు నేర్పించడం మొదలుపెట్టాను కానీ స్టేజీ ఎక్కింది మళ్లీ 2003లోనే. ఆ పదకొండేళ్లు నాకు తిరిగి రావు. మీ కాగితం రాసుకునే రోజు నన్ను పిలవాలనిపిస్తే పత్రిక ఆఫీసుకు ఉత్తరం వేయి, వస్తాను.

ప్రశ్న: మా వాడు ఇంటర్ చదువుతూ మెటల్ పాటలంటూ గొంతు చించుకుని అరుస్తున్నాడు. గొంతు పాడైపోతుందని భయంగా ఉంది. మాన్పించాలా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మాన్పించకండన్నా. ఆ అరుపుకు కూడా ఒక పద్ధతి ఉంది, నేర్చుకుని చేసేవాళ్లు ఏళ్లతరబడి పాడుతున్నారు. నేర్చుకోకుండా ఎవరినో చూసి అరిచేవాళ్లకే ఇబ్బంది. అబ్బాయికి పాడేటప్పుడు గొంతులో మంటగానీ నొప్పిగానీ వస్తే వెంటనే ఆపేయాలి. ముందు పావుగంట మెల్లగా స్వరాలు పాడి గొంతు వేడెక్కించుకోవాలి, నీళ్లు బాగా తాగాలి. అనంతపురం ఎండల్లో అయితే ఇంకా ఎక్కువ తాగాలి. రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. మీరు ఒక్కసారి పక్కన కూర్చుని వాడు ఏం పాడుతున్నాడో వినండి, దాచిపెట్టి చేసే పని కాకుండా పోతుంది.

ప్రశ్న: విడిపోయిన జర్మన్ మెటల్ బ్యాండ్ ఏదైనా మళ్లీ కలిసిందా? మేమూ ఒకప్పుడు విడిపోయినవాళ్లమే.
– ముగ్గురు మిత్రులు, కర్నూలు

జవాబు: హెలోవీన్ కలిసింది. 1984లో హాంబర్గ్‌లో పుట్టిన బ్యాండ్, వాళ్ల గుర్తు గుమ్మడికాయ. 1987, 88లలో వరుసగా రెండు గొప్ప ఆల్బమ్‌లు చేశారు. ఆ వెంటనే గిటారిస్టు కై హాన్సెన్ బయటికి పోయి గామా రే అనే బ్యాండ్ పెట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లకే చేరిన గాయకుడు మైకేల్ కిస్కేను 1993లో తీసేశారు. మళ్లీ కలుస్తారని ఎవరూ అనుకోలేదు. 2017లో ఇద్దరూ తిరిగొచ్చి, ఇప్పుడున్న గాయకుడు ఆండీ డెరిస్‌ను పక్కన పెట్టకుండా అతనితో కలిసే టూరు చేశారు. 2021లో అందరూ కలిసి ఒక ఆల్బమ్ చేశారు.

తొలినాటి డ్రమ్మర్ ఇంగో ష్విచ్టెన్‌బర్గ్ మాత్రం లేడు. జబ్బుతో చాలా బాధపడి 1995లో చనిపోయాడు. ఆ టూరులో స్టేజీ మీద తెర కట్టి, ఇంగో పాత రోజుల్లో వాయించిన వీడియో వేశారు. ఇప్పటి డ్రమ్మర్ డానీ లోబ్లే కింద కూర్చుని, తెర మీది ఇంగోతో వంతులు వేసుకుంటూ వాయించాడు.