అన్నయ్య దగ్గరికి ముందు నేనే వెళ్లాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. నాన్నగారు టీచరుగా చేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బుతో తెనాలిలో రెండు గదుల డాబా వేసుకున్నారు. మూడేళ్ల క్రితం వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ అన్నయ్య దగ్గరే ఉంటుంది. ఏడాది తిరక్కముందే అన్నయ్య కాగితాలు తెచ్చి "పెళ్లిలో నీకివ్వాల్సింది ఇచ్చేశాంగా, సంతకం పెట్టు" అన్నాడు. పెట్టలేదు. అప్పటినుంచి మాటల్లేవు, క్రిస్మస్‌కి పిలుపూ లేదు. "నాన్న మంచాన పడ్డ పదకొండు నెలల్లో రెండుసార్లు చుట్టపుచూపుగా వచ్చి పోయింది" అని అమ్మతో అన్నాడట. మా పాస్టరుగారేమో "క్షమించమ్మా, సంతకం పెట్టెయ్, పరలోకంలో ధనం కూర్చుకో" అంటున్నారు. నాకు కోపం పోవడం లేదు. నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర, యేసు మరణాన్ని తలుచుకుని అందరం పంచుకునే రొట్టె పళ్లెం నా దాకా వస్తే, నా ముక్క తీసుకోకుండానే పక్కావిడకి అందించేస్తున్నాను. అసలు నేను విశ్వాసినేనా?

జవాబు: చెల్లీ, నా తోడికోడలితో మాటల్లేక నేనూ ఆరు నెలలు బల్లకి దూరంగా ఉన్నదాన్నే. ఆ పళ్లెం చేతిలోకి వచ్చినప్పుడు ఎంత బరువనిపిస్తుందో నాకు తెలుసు. విశ్వాసం లేకపోతే ఆ బరువే తెలియదు. కాబట్టి ఆ అనుమానం పక్కన పెట్టండి.

పాస్టరుగారు మీ మేలు కోరే చెప్పి ఉంటారు. కానీ క్షమించడం ఒకటి, సంతకం పెట్టడం ఇంకొకటి. "డెబ్బది ఏళ్ల మారులు", అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్న మాట మత్తయి 18వ అధ్యాయంలో ఉంది. అదే అధ్యాయంలో, ఆ మాట కంటే ముందు, నీ సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా వెళ్లి అతనికి ఆ తప్పు తెలియజెప్పమని ప్రభువు అన్నాడు. తప్పును తప్పనకుండా దాచెయ్యమనలేదు. ఆ తర్వాత చెప్పిన ఉపమానంలో, తన పెద్ద అప్పు రాజు మాఫీ చేసినా ఒక దాసుడు తోటి దాసుణ్ని క్షమించడు. ఆ తోటి దాసుడు బాకీపడ్డ నూరు దేనారాలు కూడా చిన్న మొత్తం కాదు, నూరు రోజుల కూలి. మీకు జరిగింది చిన్న విషయమని మిమ్మల్ని మీరు నమ్మించుకోనక్కర్లేదు.

ఇంటి సంగతి చూద్దాం. "నా సహోదరుడు నాకు ఆస్తి పంచిపెట్టేలా చెప్పు" అని ఒకడు యేసునే అడిగాడు, లూకా 12లో. నన్ను పంచిపెట్టేవాడిగా ఎవరు పెట్టారని ఆయన తప్పుకుని, లోభం గురించి అక్కడున్న అందరినీ హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మీకెంతో మీ అన్నయ్యకీ అంతే. పంపకం చట్టం చూసుకుంటుంది. మన క్రైస్తవులకి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకపోతే భార్యకి మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకి. అందులో కొడుకు, కూతురు అన్న తేడా లేదు. అంటే అమ్మకి, అన్నయ్యకి, మీకు తలా మూడో వంతు. తండ్రి బతికుండగా పిల్లలకి ఇచ్చినదాన్ని ఆ వంతులోంచి తీసెయ్యకూడదని కూడా అదే చట్టంలో ఉంది. కాబట్టి పెళ్లిలో పెట్టిన బంగారం లెక్కలోకి రాదు. అన్నట్టు, మీ ఉత్తరంలో అమ్మ వంతు మాటే లేదు. దాని గురించి ఎవరూ ఆలోచించకపోవడం నాకు బాధనిపించింది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ పదకొండు నెలల మాట. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. యేసు కొండమీది ప్రసంగంలో, బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడటానికి వెళ్లమన్న వచనం మీకు తెలుసు. దాన్ని ఇంకోసారి నిదానంగా చదవండి. "నీమీద నీ సహోదరునికి విరోధమేమైననుకలదని" జ్ఞాపకం వస్తే అని ఉంది. నీకు అతని మీద ఉంటే అని కాదు. ఆ మాట ప్రభువు చెప్పింది గలిలయలో. బలిపీఠమేమో యెరూషలేములో. మధ్యలో మూడు నాలుగు రోజుల నడక. అంత దూరం వచ్చి, అర్పణ అక్కడే వదిలి, ఇంటికెళ్లి సమాధానపడి మళ్లీ రమ్మన్నాడు. మీరు ఒంగోలులో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి తెనాలిలో ఉంటారు.

వెళ్లండి. మీవారిని తీసుకెళ్లొద్దు, కాగితాలు అసలే వద్దు. "అన్నయ్యా, పదకొండు నెలలు నాన్నని నువ్వే ఎత్తావు, నువ్వే కడిగావు. నేను రెండుసార్లే వచ్చాను. నాది తప్పు" అనండి. అక్కడ ఆగిపోండి. 'కానీ' అన్న మాట నోట్లోంచి రానివ్వొద్దు. పిల్లల చదువులు, మీ ఇబ్బందులు నిజమే అయినా ఆ రోజు చెప్పొద్దు. నా తోడికోడలి దగ్గర నేను ఆ ఒక్క 'కానీ' తోనే అంతా పాడుచేసుకున్నాను.

ఇంటి మాట ఆయనే ఎత్తితే, "సంతకం పెట్టను అన్నయ్యా. నీమీద కోపంతో కాదు. అమ్మని, మామయ్యని కూర్చోబెట్టుకుని ఇంకో రోజు మాట్లాడుకుందాం" అనండి. ఒకరిద్దరిని వెంటబెట్టుకుని మాట్లాడమనేది కూడా ప్రభువు చెప్పిన వరసే. నాన్నకి చేసిన చాకిరీకి మీ వంతులో కొంత ఆయనకి వదలాలని మీకే అనిపిస్తే సంతోషంగా వదలండి. ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కిన కొరింథు విశ్వాసులకు రాస్తూ అపొస్తలుడు పౌలు, అన్యాయం సహించకూడదా అని అడిగింది నష్టపోయినవాళ్లని. ఆ వచనం పట్టుకుని సంతకం అడిగే హక్కు ఆస్తి దగ్గరుంచుకున్నవాళ్లకి లేదు.

కోపం ఒక్క రోజులో పోదు. రాత్రి ప్రార్థనలో అన్నయ్య పేరు, వదిన పేరు, వాళ్ల పిల్లల పేర్లు పలకండి. మొదట్లో పెదవులే పలుకుతాయి. పలకనివ్వండి.

ఒకవేళ ఆయన తలుపు తియ్యకపోతే, అమ్మ చేతిలో పళ్లు పెట్టి వచ్చెయ్యండి. నెల తిరిగాక మళ్లీ వెళ్లండి. ఈలోగా మొదటి ఆదివారం పళ్లెం మీ దాకా వస్తే ముందు మీ ముక్క తీసుకోండి, తర్వాత పక్కావిడకి అందించండి.