సందేహాలు – సమాధానాలు: విషాయుధాల లెక్క ఎవరు చూస్తారు?

సామూహిక విధ్వంసక ఆయుధాల మీద ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులు రాస్తున్నాం.

ప్రశ్న: సామూహిక విధ్వంసక ఆయుధాలంటే అణుబాంబులేనా? విషవాయువులనూ సూక్ష్మజీవులనూ వాటితో ఒకే గాటన ఎందుకు కట్టారు? (డిగ్రీ విద్యార్థిని, తెనాలి)

1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి కమిషన్ ఒకటి చెప్పిన నిర్వచనమే ఇప్పటికీ నడుస్తోంది. అణు విస్ఫోటక ఆయుధాలు, రేడియోధార్మిక పదార్థాల ఆయుధాలు, ప్రాణాలు తీసే రసాయన ఆయుధాలు, జీవాయుధాలు, మున్ముందు వీటికి సమానంగా నాశనం చేయగలిగేవి ఏవైనా ఆ మాట కిందికే వస్తాయి. హిరోషిమా తర్వాత మూడేళ్లకు రాసిన మాటలవి.

ఒకే గాటన కట్టడానికి కారణం ఎంతమంది చస్తారన్నది ఒక్కటే కాదు, ఎవరు చస్తారన్నది కూడా. 1988 మార్చి 16న ఇరాక్ సైన్యం కుర్దుల పట్టణం హలబ్జా మీద విషవాయువులు వదిలింది. చనిపోయినవాళ్లు 5,000 వరకు ఉంటారని అంచనా. సైనికుడికి మాస్కు ఉంటుంది, గాలి తగలని సూటు ఉంటుంది. ఇంట్లో పిల్లలతో ఉన్న తల్లికి అవేవీ ఉండవు.

అయితే వీటిని అదుపు చేసే ఒప్పందాలు మాత్రం ఒకే రకంగా లేవు. 1970లో అమల్లోకి వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం అయిదు దేశాల దగ్గర బాంబులు ఉండనిచ్చి, మిగతావాళ్లను వద్దంది. భారత్ అందులో చేరలేదు. 1975 నాటి జీవాయుధాల ఒప్పందం అందరికీ నిషేధమే, కానీ దానికి తనిఖీ లేదు. నిషేధం అందరికీ సమానంగా ఉండి, తనిఖీ చేసే మనుషులు కూడా ఉన్నది 1993లో సంతకాలై, 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల ఒప్పందం ఒక్కటే. అందుకే కింది జవాబుల్లో దాని గురించే ఎక్కువ ఉంటుంది.

ప్రశ్న: 1925లోనే జెనీవాలో విషవాయువులను నిషేధించారు కదా. మళ్లీ 1993లో ఇంకో ఒప్పందం దేనికి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు)

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం 150 టన్నులకు పైగా క్లోరిన్‌ను గాలివాటానికి వదిలింది. 1917 జులైలో అక్కడే, చర్మాన్ని బొబ్బలెక్కించే మస్టర్డ్ గ్యాస్ వచ్చింది. ఆ అనుభవం నుంచి పుట్టిందే 1925 జెనీవా ప్రోటోకాల్. కానీ అది వాడకాన్ని మాత్రమే వద్దంది. తయారు చేసుకోవచ్చు, గోదాముల్లో నింపుకోవచ్చు. పైగా చాలా దేశాలు 'ఎదుటివాడు వాడితే మేమూ వాడతాం' అని మెలిక పెట్టి సంతకం చేశాయి. 1935–36లో ఇథియోపియా మీద ఇటలీ మస్టర్డ్ వాడింది. రెండు దేశాలూ ఆ ప్రోటోకాల్‌లో ఉన్నవే.

గోదాములో ఉన్న విషం వాడకుండానే చంపగలదనడానికి బారి రేవు సాక్ష్యం. 1943 డిసెంబరు 2 రాత్రి ఇటలీలోని ఆ రేవు మీద జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. అక్కడున్న అమెరికన్ ఓడ 'జాన్ హార్వే'లో దాదాపు 2,000 మస్టర్డ్ బాంబులు రహస్యంగా ఉన్నాయి. అవి పగిలి, ఆ విషం నీళ్ల మీద తేలుతున్న చమురులో కలిసింది. ఈదుకుంటూ ఒడ్డుకు చేరిన నావికులను అవే చమురు బట్టలతో దుప్పట్లు చుట్టి పడుకోబెట్టారు. విషయం తెలిస్తే బట్టలు విప్పి, ఒళ్లు కడిగి ఉండేవాళ్లు. గంటల తర్వాత కళ్లు వాచాయి, చర్మం బొబ్బలెక్కింది. ఎందుకో వైద్యులకు అర్థం కాలేదు, ఎందుకంటే ఓడలో ఏముందో వాళ్లకు చెప్పలేదు. 628 మంది ఆసుపత్రి పాలయ్యారు, 83 మంది చనిపోయారు. తయారీ, నిల్వ, బదిలీ అన్నీ ఆపాలని 1993 ఒప్పందం పట్టుబట్టడం వెనుక ఇలాంటి ఘటనలు ఎన్నో ఉన్నాయి.

ప్రశ్న: మా బల్క్ డ్రగ్ యూనిట్‌లో థయోనిల్ క్లోరైడ్ వాడతాం. అది రసాయన ఆయుధాల జాబితాలో ఉందని అంటున్నారు. మాకు తనిఖీ వస్తుందా? ఏం రాసి ఉంచుకోవాలి? (ప్రొడక్షన్ ఉద్యోగి, పాశమైలారం)

జాబితాలో ఉన్న మాట నిజమే. డ్రమ్ము లేబుల్ మీద 7719-09-7 అనే కాస్ నంబరు (ఒక్కో రసాయనానికి ఒక్కటిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) చూడండి. ఒప్పందంలోని మూడు షెడ్యూళ్లలో, అంటే జాబితాల్లో, మూడోదాంట్లో అదే నంబరు ఉంటుంది. కంగారు పడాల్సింది లేదు, కానీ లెక్క తెలిసి ఉండాలి.

మొదటి షెడ్యూల్లో సరీన్, వీఎక్స్, మస్టర్డ్ లాంటి అసలు విషాలు ఉంటాయి. 2020 నుంచి నొవిచోక్ కూడా అందులో చేరింది. పరిశోధన, వైద్యం, రక్షణ అవసరాల కోసం వీటిని ఉంచుకున్నా దేశం మొత్తానికి కలిపి 1 టన్ను దాటకూడదు. రెండో షెడ్యూల్లోవి పరిశ్రమలో కొద్దిగా వాడేవి. మూడోది ఫాస్జీన్, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్, ట్రైఇథనాలమైన్ లాంటి టన్నుల సరుకు.

చాలామంది పొరబడేది ఇక్కడే. రెండో షెడ్యూల్లో తయారీ, ప్రాసెసింగ్, వాడకం మూడూ లెక్కలోకి వస్తాయి. మూడో షెడ్యూల్లో తయారీ ఒక్కటే. ఏడాదికి 30 టన్నులు మించి తయారుచేస్తే ప్రకటించాలి, 200 టన్నులు మించితే తనిఖీకి అర్హత వస్తుంది. కొని వాడుకునే మీ యూనిట్ ఆ పద్దు కిందికి రాదు. విదేశాల నుంచి తెప్పించినా, పంపినా మాత్రం ఆ పరిమాణం దేశం లెక్కలో చేరాలి.

అలాగని మీకు తనిఖీ రానే రాదనుకోకండి. షెడ్యూళ్లలో లేని సేంద్రియ రసాయనాలు సంశ్లేషణ చేసే ప్లాంటు ఏడాదికి 200 టన్నులు దాటితే అది వేరే పద్దు. అందులో ఫాస్ఫరస్, సల్ఫర్ లేదా ఫ్లోరిన్ ఉన్న రసాయనం ఏదైనా ఒకటి ఒక ప్లాంటులో 30 టన్నులు దాటినా ప్రకటించాలి. మందుల కంపెనీలు ఎక్కువగా వచ్చేది దీని కిందికే. మన దేశంలో ఈ లెక్కలు 2000 నాటి చట్టం ప్రకారం కేబినెట్ సచివాలయంలోని జాతీయ అథారిటీకి వెళ్తాయి. గడిచిన ఏడాది లెక్క మార్చి 31 లోపు, ఒప్పందం అమలు చూస్తూ ఇన్‌స్పెక్టర్లను పంపే రసాయన ఆయుధాల నిషేధ సంస్థకు (నెదర్లాండ్స్‌లోని హేగ్) చేరాలి కాబట్టి కంపెనీలు అంతకు బాగా ముందే ఇవ్వాలి.

తనిఖీ వస్తే 120 గంటల ముందు దేశానికి కబురు వస్తుంది. ఇన్‌స్పెక్టర్లు గేటు లోపలికి వచ్చాక మొదట మీవాళ్లు ప్లాంటు గురించి వివరించాలి. దీనికి 3 గంటలకు మించి తీసుకోకూడదు. తర్వాత ప్లాంటంతా తిరుగుతారు. రియాక్టర్లు, స్క్రబ్బర్లు, గోదాము, వ్యర్థజలాల శుద్ధి, ల్యాబ్ చూస్తారు. మొత్తం 24 గంటల్లో ముగించాలి, రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే పొడిగింపు. వాళ్లు వెతికేది మీ ఫార్ములా కాదు. మొదటి షెడ్యూలు రసాయనాలు అక్కడ తయారు కావడం లేదని తేల్చుకోవాలి, అంతే. వ్యాపార రహస్యం అనుకున్న కాగితాన్ని కప్పి చూపే హక్కు మీకుంది. దానికి బదులు మరో రుజువు చూపించాలి.

ఇబ్బంది పెట్టేవి చిన్న తప్పులే. ఒకే ఆవరణలో రెండు ప్లాంట్లుంటే ఒకదాని లెక్కే రాయడం, తయారుచేసి అక్కడే తదుపరి దశలో వాడేసిన సరుకును వదిలేయడం, లీటర్లను కిలోలుగా రాసేయడం. థయోనిల్ క్లోరైడ్ లీటరు 1.6 కిలోలకు పైగా తూగుతుంది, ఈ ఒక్క పొరపాటుతో లెక్క మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. స్టాక్ రిజిస్టరు, బ్యాచ్ రికార్డు, గేటు రికార్డు మూడూ ఒకే బరువు చెప్పాలి.

భోపాల్ గురించి అడిగినవారికీ జవాబు ఇక్కడే ఉంది. అక్కడ లీకైన మిథైల్ ఐసోసయనేట్ ఏ షెడ్యూల్లోనూ లేదు, దాని తయారీకి వాడిన ఫాస్జీన్ ఉంది. అయినా షెడ్యూల్లో లేనంత మాత్రాన సెలవిచ్చినట్టు కాదు. మనుషులకు హాని చేసే ఉద్దేశంతో తయారుచేసిన ఏ విష రసాయనమైనా ఒప్పందం దృష్టిలో ఆయుధమే.

ప్రశ్న: పాత రసాయన ఆయుధాలను సముద్రంలో పడేస్తేనో, తగలబెడితేనో పోతుంది కదా, అన్నేళ్లు ఎందుకు పట్టింది? (పాఠకుడు, కాకినాడ)

సముద్రంలో పడేసి చూశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాల్టిక్‌లో వేల టన్నులు ముంచేశారు. మస్టర్డ్ దాదాపు 14 డిగ్రీల కింద గడ్డకడుతుంది, ఉప్పునీటిలో దాని చుట్టూ పెచ్చు కడుతుంది, లోపలి విషం దశాబ్దాలు అలాగే ఉంటుంది. బోర్న్‌హోమ్ దీవి దగ్గర జాలర్ల వలల్లో ఆ ముద్దలు పడి చేతులు కాలాయి. అందుకే నీళ్లలో వేయడం, పూడ్చడం, బహిరంగంగా కాల్చడం మూడూ ఇప్పుడు నిషేధం.

మిగిలినవి రెండు దారులు: మూసిన కొలిమిలో కాల్చడం, లేదా నీళ్లతోనో క్షారంతోనో విషాన్ని విరగ్గొట్టడం. సిరియా అప్పగించిన సరుకులో దాదాపు 600 టన్నులను 2014లో మధ్యధరా సముద్రంలో 'కేప్ రే' అనే ఓడ మీదే రెండో పద్ధతిలో పని పట్టారు. మిగిలిన ద్రావణాన్ని ఫిన్లాండ్, జర్మనీలలో శుద్ధి చేశారు.

ఆలస్యానికి కారణం విషం కాదు, అది నిండి ఉన్న డొల్ల. అమెరికా ఎం55 రాకెట్లలో సరీన్ పక్కనే ఇంధనం, పేలుడు పదార్థం ఉంటాయి. సరీన్ పాతబడితే ఆమ్లాలు పుట్టి అల్యూమినియం తొడుగును తినేస్తాయి, కారుతుంది. కెంటకీలోని బ్లూ గ్రాస్ డిపోలో మస్టర్డ్ గుండ్లను 2011లో ఎక్స్‌రే తీస్తే లోపల గట్టిపడి ఉంది, వంచితే రాదు. వాటిని గుండు గుండుగా వేడి ఉక్కు గదిలో పేల్చేయాల్సి వచ్చింది. చివరి రాకెట్ 2023 జులై 7న అక్కడే ధ్వంసమైంది. ప్రపంచం ప్రకటించిన 72,304 టన్నుల నిల్వ దానితో ముగిసింది. భారత్ 1997లో 1,044 టన్నుల మస్టర్డ్ ఉందని ప్రకటించి, 2009 మార్చికి అంతా ధ్వంసం చేసింది.

ప్రశ్న: టీకాల ప్లాంట్లకు కూడా ఇలాంటి తనిఖీలు ఉంటాయా? (పరిశోధక విద్యార్థి, హైదరాబాద్)

జీవాయుధాల ఒప్పందం కింద లేవు. ఉండాలనే మా అభిప్రాయం. 1979 ఏప్రిల్‌లో సోవియట్ నగరం స్వెర్డ్‌లోవ్‌స్క్‌లోని సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ బయటపడింది. కనీసం 66 మంది చనిపోయారు. కలుషిత మాంసం తిన్నారని ప్రభుత్వం చెప్పింది. 1992లో అక్కడికి వెళ్లిన శాస్త్రవేత్తలు చనిపోయినవాళ్లు పగలు ఎక్కడున్నారో మ్యాపు మీద గుర్తుపెట్టారు. చుక్కలన్నీ కేంద్రం నుంచి ఒకే సన్నని చారలో పడ్డాయి. ఆ వైపే, 50 కిలోమీటర్ల దాకా, ఊళ్లలో గొర్రెలూ చచ్చాయి. ఆ రోజు గాలి వీచిన దిక్కూ అదే. జీవాయుధాల ఒప్పంద పత్రాలను భద్రపరిచే బాధ్యత తీసుకున్న మూడు దేశాల్లో సోవియట్ యూనియన్ ఒకటి.

తనిఖీ వ్యవస్థ కోసం జరిగిన చర్చలు 2001లో అమెరికా ఒప్పుకోకపోవడంతో ఆగిపోయాయి. కష్టం కూడా లేకపోలేదు. టీకా తయారయ్యే ఫర్మెంటరే చెడుకూ పనికొస్తుంది, ప్రాణమున్నది పెరుగుతుంది కాబట్టి కిలోల లెక్క పనిచేయదు. ప్రస్తుతం దేశాలు ఏటా ఏప్రిల్ 15 లోపు ల్యాబుల వివరాలతో ఒక పత్రం పంపాలి. అన్నీ పంపవు.

ప్రశ్న: పోలీసుల టియర్ గ్యాస్ రసాయన ఆయుధం కాదా? (పాఠకుడు, కరీంనగర్)

శాంతిభద్రతల కోసం వాడితే కాదు, ఒప్పందం అనుమతిస్తుంది. అదే గోళాన్ని యుద్ధంలో శత్రు సైనికుల మీద వాడితే నిషేధం.